గేటు దగ్గర నిలబడవలసింది నేనే

మే 26, 1958

స్కూలు తెరవడానికి సరిగ్గా రెండు వారాలు. ఈ పొద్దు మా హెడ్‌మిస్ట్రెస్ మిస్ వెబ్‌స్టర్ టీచర్లందరినీ ఆఫీసులో కూర్చోబెట్టి, ఈ ఏడాది నుంచి మిల్లు కూలీలుండే లైన్ ఇళ్ళ పిల్లల్ని కూడా చేర్చుకుంటున్నామని చెప్పింది. స్కూలు పెట్టింది మిల్లే అయినా ఇన్నాళ్ళూ చదివింది మేనేజర్ల పిల్లలు, యంత్రాలు బిగించడానికి స్విట్జర్లాండ్ నుంచీ ఇంగ్లండ్ నుంచీ వచ్చినవాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల పత్తి పొలాలున్నవాళ్ళ పిల్లలు. "బోర్డు మీద ఇంటర్నేషనల్ స్కూల్ అని రాసుకున్నాం. గోడ అవతలి పిల్లకు చోటు లేకపోతే ఆ బోర్డు దేనికి?" అంది ఆమె.

తర్వాత నావైపు తిరిగింది. "కర్పగం, మొదటి రోజు గేటు దగ్గర నువ్వు నిలబడు. ఇంగ్లీషు, తమిళం, తెలుగు మూడూ వచ్చింది నీకొక్కదానికే. ప్రతి తల్లికీ గంధం, కుంకుమ. ప్రతి పిల్లకీ కలకండ. అందరికీ ఒకేలా."

గుమాస్తా రాఘవన్ కొత్త పిల్లల పేర్లు చదివాడు. మొత్తం పదకొండు మంది. చిట్టచివరి పేరు: "పొన్ను. వయసు ఆరు. తండ్రి యేసుదాస్, క్లీనింగ్. తల్లి ఇరుళాయి, ఆమే క్లీనింగే." కాగితం మడుస్తూ నాతో అన్నాడు, "వీళ్ళు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతారట టీచర్. మీ తెలుగు కాదులెండి." నవ్వాడు.

నేనూ నవ్వాను.

పొన్ను మా అక్క కూతురు.

మే 27

ఈ నోటుబుక్కు నా పెట్టె అడుగున ఉంటుంది. ఒక్కసారి ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

మా నాయన సుడలై మదురైలో మునిసిపాలిటీ వీధులు ఊడ్చేవాడు. అమ్మ కూడా. మేమూ తెలుగువాళ్ళమే, ఊడ్చే తెలుగువాళ్ళం. నాయన పోయాక ఆయన చీపురు అక్క ఇరుళాయి తీసుకుంది, పదేళ్ళకు. నేను బడికి పోయాను. ట్రైనింగ్ కూడా అయ్యాక రెండేళ్ళ కిందట ఈ సూలూరు రోడ్డు స్కూలుకు వచ్చాను. మిస్ వెబ్‌స్టర్ నా మార్కులు చూసింది, పాఠం చెప్పించుకుని విన్నది. అంతకుమించి ఏమీ అడగలేదు.

గది కోసం లక్ష్మియమ్మాళ్ గారింటికి వెళ్ళాను. పత్తి పొలాలున్న కుటుంబం. ఆమె మనవడు తిరువేంగడం మా స్కూల్లోనే. నేను తెలుగులో మాట్లాడగానే ఆమె మొహం విప్పారింది. "మనోళ్ళేనా అమ్మణీ?" అంది. "మా ఇంట్లో తెలుగేనమ్మా" అన్నాను.

అది అబద్ధం కాదు. మా ఇంట్లో తెలుగే.

ఆ జవాబుతోనే రెండేళ్ళుగా ఆమె వంటింట్లో కూర్చుని తింటున్నాను. ఆమె పిండి రుబ్బుతుంటే నేను తోస్తాను. జ్వరం వస్తే నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూస్తుంది.

మే 28

ఆకలి లేదు. ఎండవల్ల కావచ్చు.

మే 30

లక్ష్మియమ్మాళ్ గారికి లైన్ పిల్లల సంగతి తెలిసింది. ఉదయం ఉల్లిపాయలు వలుస్తూ మొదలుపెట్టింది.

"నూలు వడికేవాళ్ళ బిడ్డలు వస్తే రానీ. కక్కసులు కడిగేవాళ్ళ బిడ్డ గూడా వస్తుండాదంటనే? మా తిరువేంగడం పక్కన కూసోబెడతారా ఏమి?"

"ఒక్క పిల్లేనమ్మా" అన్నాను.

"ఒక్కటైతే మట్టుకు? నువ్వు ఉండావు గదా అమ్మణీ, నువ్వు చూసుకో. దొరసానికి ఇవన్నీ ఏమి తెలుసును పాపం."

సరేనన్నాను. ఏం సరే? ఉల్లిపాయలు కళ్ళు మండించాయి. నేను ముక్కు చీదుకుంటుంటే ఆమె తన చీర కొంగు అందించింది.

జూన్ 1, ఆదివారం

అక్క దగ్గరికి వెళ్ళాను. టౌనుకు పుస్తకాలకని చెప్పి బస్సెక్కి, ఒక స్టాపు ముందే దిగి, మిల్లు వెనక దారిలో నడిచి వెళ్తాను ఎప్పుడూ. బావ యేసుదాస్ చర్చి నుంచి అప్పుడే వచ్చి చొక్కా విప్పుతున్నాడు. పొన్ను గుమ్మంలో పలక పట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే "చిన్నమ్మా!" అని మెడకు చుట్టుకుంది.

నేను చెప్పదలుచుకున్నది దారిలోనే వరసగా అనుకుని పెట్టుకున్నాను. పొన్ను ఇంకా చిన్నది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ పిల్లల మధ్య ఒంటరిదైపోతుంది. ఒక ఏడాది ఆగితే నేనే అక్షరాలు నేర్పుతాను, అప్పుడు చేర్చవచ్చు. అంతా పిల్ల మంచికే. అన్నీ చెప్పాను.

బావ గోడకేసి చూస్తూ, "ఆ దొరసాని మా ఇంటికే వొచ్చి పేరు రాసుకోని పొయ్యింది. నువ్వు వద్దంటే పేరు కొట్టేయమంటానమ్మా" అన్నాడు.

అక్క పొన్నును నీళ్ళకు పంపింది. పిల్ల వెళ్ళాక నా ముందు కూర్చుంది.

"భయం దానికా, నీకా?"

"నాకేంటికి భయం?"

"ఏంటికో నువ్వే చెప్పు."

అక్క నా చేయి తన ఒళ్ళో పెట్టుకుంది. దాని వేళ్ళు ఫినాయిలుకు పగిలిపోయి ఉన్నాయి.

"ఇదో కర్పగం, బిడ్డ పళ్ళికూడానికి వస్తాది. అది నేను నిలపను. నీకు మట్టుకు ఏమీ కాదు. నేను నిన్ను చూసింది లేదు, నువ్వు నన్ను చూసింది లేదు. బిడ్డకు గూడా జెప్పి పెడతా. పిలవదు."

"నేనట్ల చెప్పమనలేదక్కా."

"చెప్పలేదులే. నేనే చెప్తుండా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కనే చోటు దొరికింది. ప్రాణం హాయిగా ఉందనుకున్నాను. బస్సు దిగేసరికి ఆ హాయి లేదు.

జూన్ 3

స్కూల్లో పని మొదలైంది. పిల్లల పేర్లు అట్టముక్కల మీద రాసి పక్కన బొమ్మలు వేస్తున్నాను. స్విట్జర్లాండ్ ఇంజనీరు కూతురు అన్నాకు కుందేలు. తిరువేంగడానికి ఏనుగు. పొన్నుకు పిచ్చుక.

మధ్యాహ్నం రాఘవన్ తరగతి గది పటం తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఎవరెక్కడ కూర్చోవాలో మీరే వేయండి టీచర్. కొందరు తల్లిదండ్రులు నాతో మాట్లాడారు. ఏం చెయ్యాలో మీకు తెలియనిది కాదు."

పొన్నును చివరి వరుసలో కిటికీ పక్కన వేశాను. అక్కడ గాలి బాగా వస్తుంది.

జూన్ 4

చివరి వరుసలో ఇంకో కుర్చీ కూడా ఉంది. అది ఖాళీగా ఉంచాను. గాలికి అడ్డం లేకుండా.

జూన్ 5

సెలవు చీటీ రాశాను. జ్వరమని. మిస్ వెబ్‌స్టర్ గది గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె నేలమీద గొంతుక్కూర్చుని, తల మీదికి ముడి వేసుకుని, చిన్న కుర్చీల కాళ్ళకు తానే రంగు వేస్తూ ఉంది. నన్ను చూసి, "కర్పగం, నువ్వు లేకపోతే ఈ ఏడాది నాకు ధైర్యం చాలేది కాదు" అంది. చీటీ చేతిలోనే నలిగిపోయింది.

జూన్ 7, శనివారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టదు.

సాయంకాలం సూలూరు బజారులో నూలు దారం కొనడానికి వెళ్ళాను. లక్ష్మియమ్మాళ్ గారు కూడా వచ్చింది. ఆమె కొట్లో బేరం చేస్తుంటే నేను బయట నిలబడ్డాను. ఎదురుగా టైలరు దగ్గర అక్క, పొన్ను. పొన్ను ఒంటి మీద కొత్త నీలం గౌను, ఇంకా అంచు కుట్టలేదు. నన్ను చూసి మొహమంతా నవ్వుతో రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చింది. నాకు నాలుగడుగుల దూరంలో టక్కున ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి జుట్టు పట్టుకుని ఆపినట్టు. కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చేతులు జోడించి, "గుడ్ మార్నింగ్ టీచర్" అంది.

అప్పటికి సాయంకాలం ఆరవుతోంది.

దూరంగా అక్క నిలబడి చూస్తోంది. ఎంత బాగా చెప్పిందో చూడు అన్నట్టుగా తల ఊపింది. దాని మొహంలో దెప్పడం లేదు, నిష్ఠూరం లేదు. గర్వమే ఉంది. అదే నేను తట్టుకోలేకపోతున్నాను.

లక్ష్మియమ్మాళ్ గారు బయటికి వచ్చి, "ఎవరు అమ్మణీ ఆ బిడ్డ? మూతీ ముక్కూ లక్షణంగా ఉండాది" అంది.

"స్కూల్లో కొత్తగా చేరే పిల్లమ్మా" అన్నాను.

జూన్ 8

ఏమీ తినలేదు.

జూన్ 9, సోమవారం

ఇప్పుడు మధ్యాహ్నం నాలుగు. స్కూలు ఆఫీసులో, మిస్ వెబ్‌స్టర్ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను, పొద్దున ఈ నోటుబుక్కు సంచిలో వేసుకునే వచ్చాను. ఇంటికి వెళ్ళడానికి ఇంకా కాళ్ళు రావడం లేదు. వరసగా రాస్తాను.

ఎనిమిదింటికి గేటు దగ్గర నిలబడ్డాను. గంధం గిన్నె, కుంకుమ, కలకండ పళ్ళెం. మొదట మేనేజర్ల కార్లు వచ్చాయి. అన్నా వాళ్ళమ్మ గంధం ఎక్కడ పూసుకోవాలో తెలియక అరచేయి చాపి నవ్వింది, నేనే ఆమె మణికట్టు మీద పూశాను. లక్ష్మియమ్మాళ్ గారు మనవణ్ణి తీసుకుని వచ్చి, నా చెంప తట్టి, "మా అమ్మణి ఈ పొద్దు పెళ్ళికూతురు మాదిరి ఉండాది" అని పక్కనే నిలబడిపోయింది. లోపలికి వెళ్తుందని ఎంతసేపు చూశానో. వెళ్ళలేదు.

తర్వాత లైన్ వాళ్ళు గుంపుగా వచ్చారు, మిల్లు సైరను కూశాక. బాయిలర్‌లో పనిచేసే కందసామి, వాళ్ళావిడ, కవల పిల్లలు. కార్డింగ్‌లో పత్తి ఏకే పళనివేల్ కొడుకు. అందరి తర్వాత, పది అడుగులు వెనగ్గా, పొన్ను చేయి పట్టుకుని అక్క. ఉతికి ఇస్త్రీ చేయించిన పచ్చ చీర. బావకు డ్యూటీ.

అక్క నా మొహం చూడలేదు. గంధానికి చేయి చాపలేదు. కొంగు చాపింది, కలకండ పైనుంచి వేయమని. నా పక్కన లక్ష్మియమ్మాళ్ గారి చీర గరగరలాడింది, ఆమె ఓ అడుగు వెనక్కి జరిగింది.

నేను కలకండ పైనుంచి వేశాను. గంధం పూయలేదు. కుంకుమ పెట్టలేదు.

ఉన్నదున్నట్టు రాయాలనుకున్నాను కాబట్టి రాస్తున్నాను. అందరికీ ఒకేలా అని చెప్పినా నేను ఆ పని చేశాను.

హాల్లో తల్లిదండ్రులు కుర్చీల్లో కూర్చున్నారు. అక్క గోడ దగ్గర నిలబడింది. పిల్లలు ముందు చాప మీద. మిస్ వెబ్‌స్టర్ రెండు మాటలే మాట్లాడింది, నేను తమిళంలో చెప్పాను. ఇంతలో చాప మీద అన్నా లేచి నిలబడి, మొహం తెల్లగా పాలిపోయి, భళ్ళున వాంతి చేసుకుంది. ఎండకో, తిన్న కలకండకో. వాళ్ళమ్మ పరుగెత్తి పిల్లను ఎత్తుకుంది. మిస్ వెబ్‌స్టర్ వాళ్ళతో బయటికి వెళ్ళింది. పిల్లలు ముక్కులు మూసుకుని విడివడ్డారు. ఆయా ఎక్కడా కనబడలేదు.

అప్పుడు రాఘవన్ హాలంతా చూసి, గోడ దగ్గర నిలబడిన అక్కను చూసి, వేలితో పిలిచాడు. "ఏయ్, నువ్వే. చూస్తా నిలబడ్డావే? బకెట్టు బాత్‌రూమ్ పక్కనుంది. వచ్చి తుడువు."

ఎవరికీ అది విచిత్రంగా అనిపించలేదు. అక్కకు కూడా. వెంటనే కొంగు నడుముకు దోపుకుని, బకెట్టు తెచ్చి, అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుంది. ఇస్త్రీ చీర నేలమీద నలిగింది. పొన్ను చాప మీద నుంచి చూస్తోంది. మెడలో పిచ్చుక అట్ట. వాళ్ళమ్మ పని చేస్తుంటే తనూ చెయ్యాలనుకుందో ఏమో, లేచి వచ్చి పక్కన కూర్చుని, గుడ్డ అందుకోబోయింది. కొత్త గౌనుతో.

అప్పుడు నా నోటినుంచి వచ్చింది.

"అక్కా, లే."

అక్క తలెత్తలేదు. తల అడ్డంగా ఊపింది, వద్దని. నాకోసం ఊపింది అది.

నేను వెళ్ళి దాని భుజం పట్టుకున్నాను. తెలుగులోనే అన్నాను. "లెయ్యక్కా. నువ్వు పనికి వచ్చింది లేదు. బిడ్డను పళ్ళికూడంలో చేర్చను వచ్చినావు."

రాఘవన్ నవ్వబోయాడు. "టీచర్, వాళ్ళకు అలవాటే. మీరు..."

"ఆమె మా అక్క" అన్నాను. తమిళంలో అన్నాను, అందరికీ తెలియాలని. "నాతో పుట్టిన అక్క. మా నాయన కూడా ఊడ్చినవాడే."

నేను గుడ్డ తీసుకుని తుడిచాను. స్కూలు పని స్కూలువాళ్ళు చెయ్యాలి కాబట్టి తుడిచాను. నా వెనక కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో వెళ్ళిపోతున్న చెప్పుల చప్పుడు. లక్ష్మియమ్మాళ్ గారి వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

అక్క నన్ను తిట్టింది. మెల్లగా, చెవిలో. "పైత్యకారిదానా. ఏంటికి చెప్పినావు? ఇన్నేండ్లు ఏంటికి నేను..." అని మాట పూర్తి చేయలేక ఏడ్చింది.

అదే రోజు, సాయంకాలం

లక్ష్మియమ్మాళ్ గారింటికి వెళ్ళాను. నా పెట్టె, పరుపు వాకిట్లో ఉన్నాయి. చక్కగా కట్టి ఉన్నాయి, బట్టలు మడతలు కూడా చెదరకుండా. లోపల వంటిల్లు కడుగుతున్న చప్పుడు.

ఆమె గడప లోపలే నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు జ్వరం వస్తే కూడా నీ చేతి గంజి తాగినానే" అంది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా."

అలా ఎందుకన్నానో! అనగానే నాకే అసహ్యం వేసింది.

"చెప్పలేదు. నేను అడిగినప్పుడు నిజం చెప్పనూ లేదు. పో అమ్మణీ. ఇంక పో."

కోపంగా అని ఉంటే బాగుండేది.

జూన్ 10

అక్క ఇంట్లో. బావ పెట్టె మోసుకొచ్చాడు. ఒక్క గది, నలుగురం. ఉదయం పొన్నును తీసుకుని ముందు రోడ్డు మీదుగా స్కూలుకు వెళ్ళాను. ఏడుగురు పిల్లలు రాలేదు.

తరగతి పటం చించి కొత్తది వేశాను. పొన్ను రెండో వరుస, అన్నా పక్కన. గాలి గురించి రాసింది చదువుకుంటే సిగ్గుగా ఉంది. ఆ పేజీ చించను. ఉండనీ.

జూన్ 13

కమిటీ నన్ను పిలుస్తుందట. సోమవారం.

జూన్ 14

రాఘవన్ నాతో మాట్లాడటం లేదు. కాగితాలు బల్లమీద పెట్టి వెళ్తాడు. ఆయా కూడా మంచినీళ్ళు తేవడం మానేసింది. నేనే వెళ్ళి తాగుతున్నాను.

జూన్ 16

కమిటీ. ఆరుగురు. నేను ఎవరో దాచి ఉద్యోగం సంపాదించానని ఒకాయన అన్నాడు. మిస్ వెబ్‌స్టర్ లేచి, "ఆమెను నేను అడిగింది పాఠం చెప్పమని. చెప్పింది. ఆమెను తీసేస్తే నేనూ ఈ పొద్దే ఓడ టిక్కెట్టు కొంటాను" అంది. ఆ తర్వాత అన్నా వాళ్ళ నాన్న, కమిటీలో ఆయన కూడా ఉన్నాడని నాకు తెలియనే తెలియదు, వచ్చీరాని ఇంగ్లీషులో, తన కూతురు ఇంటికి వచ్చి రోజూ పొన్ను పేరే చెబుతోందని, టీచరును మార్చడానికి తాను ఒప్పుకోనని అన్నాడు.

ఉద్యోగం ఉంది. డిసెంబరు దాకా చూస్తారట. ఎప్పుడు ఏమంటారో అని ప్రతి అడుగు చప్పుడుకూ ఉలిక్కిపడుతున్నాను.

ఏడుగురిలో నలుగురు తిరిగి వచ్చారు. తిరువేంగడం ఒకడు. వాణ్ణి వేరే సెక్షనులో వేయమని లక్ష్మియమ్మాళ్ గారి కొడుకు అడిగాడు. మాకు ఉన్నది ఒకటే సెక్షను. ఇంగ్లీషు కావాలి కదా, పంపించారు. లక్ష్మియమ్మాళ్ గారు మాత్రం గేటు దాకా రావడం లేదు. వాణ్ణి పనివాడి చేత పంపిస్తుంది. రోజూ చూస్తాను, వస్తుందేమోనని. రాదు.

జూన్ 23

ఈ పొద్దు బడి వదిలే వేళకు గేటు బయట ఒకామె నిలబడి ఉంది. చంకన ఒక పిల్ల, చేయి పట్టుకుని ఇంకో పిల్ల. ఎంతసేపటి నుంచి నిలబడిందో. నేను దగ్గరికి వెళ్తే రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఏం కావాలమ్మా?" అన్నాను తమిళంలో.

ఆమె తెలుగులో అడిగింది. "నువ్వు ఇరుళాయి చెల్లెలంటనే? నిజమా?"

"అవును."

"మన సుడలై బిడ్డవా?"

"అవునమ్మా. మీరు?"

"వీరాయి. తుడియలూరులో పంపులు చేసే పట్టరలో ఊడుస్తుండా. మీ నాయన్ను మదురైలో చూసినాను నేను, చిన్నప్పుడు." చంకలోని పిల్లను సర్దుకుంది. "అందరు చెప్పుకుంటుండారు. మనామె ఒకామె టీచరుగా ఉండాదని. నేను నమ్మలేదు. చూసి పోదామని వచ్చినా."

"అంత దూరం నుంచి, చూడడానికేనా?"

ఆమె పెద్దపిల్లను ముందుకు తోసింది. పిల్ల నా చెప్పుల వైపు చూస్తోంది. "దీనికి ఏడేండ్లు. కరుప్పాయి. ఎక్కడా చేర్చలేదు. చూడను వచ్చినా అన్నాను గాని..."

ఈ ఏడాదికి చోట్లు నిండాయి. పదకొండుకు మించి తీసుకోవద్దని కమిటీ రాసి పెట్టింది. మిల్లులో పనిచేసేవాళ్ళ పిల్లలు కాకపోతే అసలే కుదరదు. ఇవన్నీ నాకు తెలుసు. డిసెంబరు సంగతీ తెలుసు.

ఆమెను, పిల్లలను లోపలికి తీసుకొచ్చి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోనంది. మళ్ళీ చెప్పాను, అంచున కూర్చుంది. రాఘవన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. అల్మారాలోంచి కొత్త ఫారం తీశాను. మొదటి అక్షరం రెండుసార్లు రాయాల్సి వచ్చింది.

కరుప్పాయి. వయసు ఏడు. తల్లి వీరాయి.

రేపు ఉదయం ఈ ఫారాన్ని మిస్ వెబ్‌స్టర్ ముందు పెట్టాలి. ఏమంటుందో తెలియదు.